మేత బోటు కంపాస్ 14 డిగ్రీలు తేడా చూపిస్తోంది, ఇది కాలిబ్రేషన్ గొడవా, డెక్లినేషన్ గొడవా?

ఉండి కుర్రాడు

అందరికీ నమస్కారమండీ. మాది ఉండి దగ్గర పల్లె. పదెకరాల చేపల చెరువు ఉంది, ఇంచుమించు చదరం, ఒక్కో గట్టు 200 మీటర్లుంటుంది. తవుడు సంచులు కర్రలకి కట్టడం మానేసి తేలే మేతకి మారాక, రెండు పూటలా పడవ మీద తిరుగుతూ చల్లే మనిషి దొరకడమే పెద్ద టెన్షన్ అయిపోయింది. అందుకని నాలుగు నీలం డ్రమ్ముల మీద చెక్కలు బిగించి, దానంతట అదే వెళ్లే మేత బోటు కడుతున్నాను. అటో మోటారు, ఇటో మోటారు, 12 వోల్టుల బ్యాటరీ, బుర్రకి ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు, దిక్కు చూడ్డానికి జీవై-271 అని అమ్మే మాగ్నెటోమీటర్ బోర్డు. ప్రస్తుతానికి జీపీఎస్ పెట్టలేదు. దక్షిణం గట్టు దగ్గర వదిలితే తిన్నగా ఉత్తరం గట్టుకి పోవాలి, అక్కడ తిరిగి వెనక్కి రావాలి, దాన్ని నేను అడిగేది అంతే.

తిన్నగా పోవట్లేదండి. ఎప్పుడూ దాని ఎడమ చేతి వైపుకే లాగుతోంది, అవతలి గట్టు చేరేసరికి నలభై యాభై మీటర్లు పక్కన తేలుతోంది. పోనీ గాలి అనుకుందామంటే తిరిగొచ్చేటప్పుడు కూడా దాని ఎడమకే, అంటే ఈసారి తూర్పు గట్టు వైపుకి.

కాలిబ్రేషన్ చేశాను, అంటే సెన్సర్ తప్పు ఎంతో కొలిచి తీసేయడం. అన్నీ బిగించాక బోటుని నీళ్లలోనే నెమ్మదిగా గుండ్రంగా తిప్పితే వచ్చిన అంకెలివి: ఎక్స్ -820 నుంచి 1590 దాకా, వై -1420 నుంచి 940 దాకా. మధ్య విలువలు ఎక్స్‌కి 385, వైకి -240, వాటిని తీసేసి లెక్క కడుతున్నాను. ఆ తర్వాత మోటార్లు ఆపి, నాలుగు గట్ల వెంబడి బోటుని వరసగా నిలబెట్టి చూశాను. గూగుల్ ఎర్త్‌లో రూలర్‌తో గీత గీస్తే మా గట్లు 4, 94, 184, 274 డిగ్రీలు. బోటు చెప్పేది 18, 107, 198, 288.

ఇంకో రెండు సమస్యలున్నాయి. మోటార్లు ఫుల్ స్పీడులో పెట్టగానే బోటు కదలకపోయినా డిగ్రీలు గెంతుతున్నాయి. ఉత్తరం వైపు పోతూ పోతూ ఒక్కోసారి గిరుక్కున వెనక్కి తిరిగిపోతుంది. దక్షిణం వైపు పోయేటప్పుడు మాత్రం ఎప్పుడూ అలా చేయదు.

మా ఫ్రెండు మాగ్నెటిక్ డెక్లినేషన్ (కంపాస్ చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉండే తేడా) సరిచేసి ఉండవు అంటాడు. కోడ్‌లో ఆ లైను ఉంది, డెక్లినేషన్ యాంగిల్ 0.22 అని రాసి ఉంది, ఉదాహరణ కోడ్‌లో వచ్చిందే. మళ్లీ కాలిబ్రేషన్ చేయమంటారా?

లంక కొబ్బరి

ఎందుకండీ ఈ తలనొప్పి. వెయ్యి లోపు జీపీఎస్ మాడ్యూల్ వస్తుంది, కంపాస్ పీకేసి అది పెట్టండి. దిక్కూ అదే చెబుతుంది, స్పీడూ అదే చెబుతుంది.

రాజమండ్రి సోల్డర్

కొబ్బరి గారూ, జీపీఎస్ చెప్పేది బోటు ముక్కు ఎటుందో కాదు, బోటు ఎటు జరుగుతోందో. కారులోనో బైకు మీదో అయితే రెండూ ఒకటే. మేత బోటు మనిషి నడకకంటే నిదానంగా పోతుంది, మామూలు జీపీఎస్ తప్పు రెండు మూడు మీటర్లుంటుంది, ఆ స్పీడులో అది చెప్పే దిక్కు తాగినవాడి నడకలా ఉంటుంది. ఆగి ఉంటే అసలు చెప్పలేదు. జీపీఎస్ తర్వాత ఎలాగూ కావాలి, కానీ కంపాస్ తీసేసి కాదు.

కుర్రాడు గారూ, మీరు అంకెలు పెట్టబట్టి పని సులువైంది. చాలామంది కంపాస్ సరిగా రావట్లేదండీ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు, మనం సోది చెప్పాలి.

మళ్లీ కాలిబ్రేషన్ చేయక్కర్లేదు, మీది బాగానే ఉంది. ఎలా తెలిసిందంటే, ఎక్స్ -820 నుంచి 1590 అంటే మొత్తం 2410, సగం 1205. వై సగం 1180. రెండూ దాదాపు సమానం, అంటే గ్రాఫ్ గీస్తే గుండ్రంగానే వస్తుంది, కోడిగుడ్డులా సాగలేదు. ఇంకో ముక్క కూడా ఆ 1200లోనే ఉంది. మన డెల్టాలో భూమి అయస్కాంత క్షేత్రం నేలకి సమాంతరంగా సుమారు 0.4 గాస్ (అయస్కాంత బలం కొలిచే యూనిట్) ఉంటుంది. మీ బోర్డు మీదున్నది హనీవెల్ వాళ్ల అసలు చిప్ హెచ్‌ఎంసీ5883ఎల్ అయితే మామూలు సెట్టింగ్‌లో గాస్‌కి 1090 చొప్పున 436 దరిదాపుల్లో రావాలి. 1200 వచ్చిందంటే అది క్యూఎంసీ5883ఎల్, 8 గాస్ రేంజిలో, గాస్‌కి 3000. అద్దం పెట్టి చూడండి, చిప్ మీద సన్నగా డీఏ 5883 అని ఉంటుంది. హనీవెల్ వాళ్లు ఆ పాత చిప్ ఆపేసి చాలాకాలమైంది, ఇప్పుడు ఆ పేరుతో కొనే బోర్డుల్లో ఎక్కువ ఇదే. నష్టమేం లేదు, పని చేస్తుంది. కాకపోతే ఐటూసీ అడ్రసు (ఈఎస్‌పీ32 ఆ చిప్‌ని పిలిచే నంబరు) వేరు, రిజిస్టర్లలో వరుస వేరు, హెచ్‌ఎంసీలో ఎక్స్ తర్వాత జెడ్ వస్తుంది, దీంట్లో ఎక్స్, వై, జెడ్. మీ అంకెలు సరిగా వస్తున్నాయంటే లైబ్రరీ దీనిదే వాడుతున్నారు.

మీరు తీసేసిన 385, -240 అంటే బోటు మీద ఉన్న ఇనుమూ, మోటార్లలోని అయస్కాంతాలూ కలిసి చేసే లాగుడు. అవి బోటుతో పాటే తిరుగుతాయి, భూమిది తిరగదు, అందుకే గుండ్రం కేంద్రం పక్కకి జరుగుతుంది. హార్డ్ ఐరన్ అనేది దీన్నే. ఇది తీయకపోతే ఎంత తేడా వచ్చేదో చూడండి: రెండూ కలిపితే 450 చిల్లర, 1200లో అది మూడో వంతు దాటింది, కొన్ని దిక్కుల్లో 22 డిగ్రీల దాకా తప్పు. కానీ ఆ తప్పు అన్ని దిక్కుల్లో ఒకేలా ఉండదు. ఒకవైపు తిరిగితే ఎక్కువ చూపిస్తుంది, దానికి ఎదురు దిక్కులో తక్కువ చూపిస్తుంది, మధ్యలో రెండు చోట్ల అసలు ఉండదు. ఇనుప రేకులాంటిది దగ్గరుండి క్షేత్రాన్నే వంచేస్తే, అది సాఫ్ట్ ఐరన్, ఒక చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది.

ఇప్పుడు మీ తప్పులు చూడండి: 14, 13, 14, 14. నాలుగు దిక్కుల్లోనూ ఒకటే, ఒకే వైపుకి. ఇది ఇనుము చేసే పని కాదు. ఇనుము ఇంత న్యాయంగా ఉండదు. ఇలా వచ్చిందంటే రెండే కారణాలు, బోర్డు బోటు మీద వంకరగా బిగించి ఉండాలి, లేదా కోడ్‌లో ఎక్కడో ఒకే అంకె కలుస్తూ ఉండాలి.

కలుస్తోంది. ఆ 0.22 డిగ్రీలు కాదు, రేడియన్లండీ. డిగ్రీల్లోకి మారిస్తే 12.6. ఆ కోడ్ రాసినాయన ఊళ్లో డెక్లినేషన్ అంత ఉంది కాబట్టి ఆయనకది సరిపోయింది. పక్కన కామెంటులో మీ ఊరిది వెతుక్కుని పెట్టుకోండి అని రాసే ఉంటుంది, అది ఎవరూ చదవరు. మన దగ్గర డెక్లినేషన్ సుమారు ఒక్క డిగ్రీ, అదీ పడమర వైపు. తూర్పుకి ఉంటే కలపాలి, పడమరకి ఉంటే తీసేయాలి. మీ కోడ్ 1 తీయాల్సింది పోయి 12.6 కలుపుతోంది, వెరసి 13.6 ఎక్కువ. మీకు కనిపించేది 14, 13, 14, 14. బోటు ఎడమకి పోవడానికీ ఇదే కారణం. అది 4 డిగ్రీల వైపు ఉన్నాననుకుంటూ నిజానికి 350 వైపు పోతోంది. 200 మీటర్లకి లెక్క కడితే 48 మీటర్లు పక్కకి, మీరు చెప్పిన నలభై యాభై అదే.

ఆ లైనులో -0.017 పెట్టి చూడండి. ఇంకా కచ్చితంగా కావాలంటే అమెరికా వాళ్ల నోవా సైటులో డెక్లినేషన్ కాలిక్యులేటర్ ఉంది, మీ చెరువు అక్షాంశం రేఖాంశం ఇచ్చి, మోడల్ దగ్గర డబ్ల్యూఎంఎం 2025 (ప్రపంచ అయస్కాంత మోడల్) ఎంచుకోండి, అది 2029 చివరిదాకా పనికొస్తుంది. ఆ సైటు డిగ్రీలు, నిమిషాల్లో ఇస్తుంది, నిమిషాల్ని 60తో భాగించి డిగ్రీల్లోకి తెచ్చి, దాన్ని 0.01745తో గుణించాలి. 1 డిగ్రీ 12 నిమిషాలని వస్తే 1.12 అని వేసేస్తుంటారు కొందరు, అది 1.2.

ఒక మాట మాత్రం మీ ఫ్రెండుకి చెప్పండి. గోదావరి జిల్లాల్లో ఎవరి కంపాస్ అయినా పది పదిహేను డిగ్రీలు తేడా వస్తుంటే అది డెక్లినేషన్ సరిచేయకపోవడం వల్ల అయ్యే అవకాశమే లేదు. అసలు పెట్టకపోయినా పోయేది ఒక్క డిగ్రీ, 200 మీటర్లకి మూడున్నర మీటర్లు. పెట్టడం వల్లే పాడైన కేసు ఇది.

ఉండి కుర్రాడు

అయ్య బాబోయ్. ఆ లైను మార్చి గట్ల దగ్గర మళ్లీ నిలబెట్టాను. 4 ఉన్న చోట 4, 94 దగ్గర 93, మిగతావి కూడా ఒక డిగ్రీ లోపు. థాంక్స్ అండీ, చాలా అంటే చాలా.

ఎడమకి లాగడం పోయింది గానీ ఫుల్ స్పీడులో వంకర ఇంకా ఉంది, అది మోటార్ల వల్లే అనుకుంటున్నాను. బోర్డు చెక్క మీదే ఉంది, బ్యాటరీ వైర్లు దాని పక్క నుంచే పోతాయి. గిరుక్కున తిరగడం కూడా అలాగే ఉంది.

మేత డబ్బా ఒకవైపు ఖాళీ అవుతున్నకొద్దీ బోటు కాస్త ఒరుగుతుంది. దానికి యాక్సిలరోమీటర్ (ఒరుగుడు కొలిచే సెన్సర్) పెట్టి టిల్ట్ సరిచేయాలి అని ఒక వీడియోలో గట్టిగా చెప్పాడు. తప్పదంటారా?

యానాం సరంగు

మోటార్ల సంగతి నేను చెబుతాను బాబూ, పెద్ద బోట్ల మీద ఇదే గొడవ, సైజు ఒక్కటే తేడా.

కరెంటు పోయే ప్రతి వైరు చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. నీ వైరులో 10 ఆంపియర్లు పోతూ, అది కంపాస్‌కి 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అక్కడ 20 మైక్రోటెస్లా పుడుతుంది. మన దగ్గర భూమిది అడ్డంగా ఉండేది 40, పైన చెప్పిన 0.4 గాస్ అదే. అంటే సగం. అది అడ్డంగా పడిందంటే 26 డిగ్రీలు తిప్పేస్తుంది. పైగా ఇది కాలిబ్రేషన్‌కి లొంగదు, ఎందుకంటే స్పీడు పెంచితే పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది, నువ్వు తీసేసే అంకె మాత్రం ఒక్కటే.

ముందు ప్లస్ వైరూ మైనస్ వైరూ రెండూ కలిపి తాడు పేనినట్టు పేనెయ్. పోయే కరెంటూ వచ్చే కరెంటూ పక్కపక్కనే ఉంటే ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. బ్యాటరీ నుంచి మోటార్లని నడిపే డ్రైవర్ బోర్డు దాకా, డ్రైవర్ నుంచి మోటారు దాకా, ఎక్కడా ఒక వైరు ఇటూ ఒక వైరు అటూ పోకూడదు. కొంతమంది మైనస్‌ని ఫ్రేముకి కలిపేస్తారు, అది అసలు వద్దు. తర్వాత కంపాస్‌ని పైకి ఎత్తు. ముప్పావు అంగుళం పీవీసీ పైపు ముక్క నిలబెట్టి, రెండడుగుల ఎత్తున పైన చిన్న డబ్బాలో పెట్టు, వాన తడవకుండా మూత ఉండాలి. 10 సెంటీమీటర్ల దగ్గర 20 ఉన్నది 50 సెంటీమీటర్ల దగ్గర 4 అవుతుంది, పేనిన వైరు అయితే ఇంకా చాలా తగ్గిపోతుంది. మోటారు లోపలి అయస్కాంతం బలం అయితే దూరం పోయేకొద్దీ ఇంకా వేగంగా పడిపోతుంది. పైపుని బిగించడానికి ఇత్తడి స్క్రూలు వాడు. స్టీలు స్క్రూల్లో మంచి రకం అయస్కాంతానికి అంటుకోదంటారు గానీ కొట్టులో వచ్చేవి అన్నీ ఒకలా ఉండవు, కొనేముందు చిన్న అయస్కాంతం పెట్టి చూడు, అంటుకుంటే వద్దు.

ఇదంతా అయ్యాక కాలిబ్రేషన్ మళ్లీ చేయాలి, బోర్డు చోటు మారింది కదా. తూము షట్టరుకీ, ఏరేటర్లకీ, ఇనుప స్తంభాలకీ దూరంగా, చెరువు మధ్యలోకి పోయి తిప్పు. గట్టు మీద తిప్పి తర్వాత బోటులో పెడితే కుదరదు, బోటులో ఎలా ఉంటుందో అలానే తిప్పాలి.

చివరిగా చిన్న పరీక్ష. బోటుని వెదురు కర్రకి ముందూ వెనకా కట్టెయ్, కదలకూడదు. మోటార్లు ఆపి అంకె రాసుకో, సగం స్పీడు పెట్టి రాసుకో, ఫుల్ పెట్టి రాసుకో. ఇదే పని బోటు ముక్కు వేరే దిక్కుకి తిప్పి కట్టి మళ్లీ చెయ్, ఎందుకంటే కరెంటు లాగుడు కొన్ని దిక్కుల్లో కనబడదు. రెండు దిక్కుల్లోనూ రెండు డిగ్రీల లోపు ఉంటే ఇంక దాని జోలికి పోకు.

సముద్రం మీద పోయే బోట్లకి కంపాస్ బిగించాక ఒక్కో దిక్కుకీ ఓడని తిప్పి, ఒడ్డు మీద తెలిసిన గుర్తులతో సరిచూసి, ఏ దిక్కులో ఎంత తేడా ఉందో అట్ట మీద రాసి కంపాస్ పక్కన వేలాడదీస్తారు. డీవియేషన్ కార్డు అంటారు. నువ్వు నాలుగు గట్ల దగ్గర చేసింది అదే. వీలైతే మూలలకి కూడా పెట్టి ఎనిమిది దిక్కులు చూడు.

రాజమండ్రి సోల్డర్

సరంగు గారు చెప్పింది అక్షరాలా నిజం. కరెంటుకీ కంపాస్‌కీ ఈ వైరం పాతది. బొంబాయి కొలాబాలో అయస్కాంత అబ్జర్వేటరీ ఉండేది, ఊళ్లో ట్రాములకి కరెంటు పెడతారనగానే కొలతలు పాడైపోతాయని దాన్ని సముద్రం అవతల అలీబాగ్‌కి పట్టుకుపోయారు. 1904లో అక్కడ మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. ట్రాము లైన్లకే ఊరు మార్చారు, మీరు రెండడుగుల పైపు పెట్టడానికి ఆలోచించకండి.

టిల్ట్ గురించి. ఆ వీడియో చేసినాయన ఏ యూరోప్‌లోనో ఉండి ఉంటాడు. అక్కడ అయస్కాంత క్షేత్రం భూమిలోకి బాగా ఏటవాలుగా దిగుతుంది, లండన్ దగ్గర 66 డిగ్రీలు వంగి ఉంటుంది. బోర్డు ఒక్క డిగ్రీ ఒరిగితే దిక్కు రెండు డిగ్రీలకి పైన తప్పుతుంది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణ కొసన, తిరునెల్వేలి దరిదాపుల్లోంచి పోతుంది, మనం దానికి దగ్గర. మన దగ్గర ఆ వంపు ఇరవై డిగ్రీలకి కాస్త పైన. ఒక డిగ్రీ ఒరిగితే మహా అయితే 0.4 డిగ్రీ తప్పు. మీ బోటు ఐదు డిగ్రీలు ఒరిగినా రెండు డిగ్రీలు. కాబట్టి ముందు మేత డబ్బాని మధ్యలో పెట్టండి, యాక్సిలరోమీటర్ తర్వాత చూసుకోవచ్చు. కంపాస్ పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు మనకి, డెక్లినేషన్ లేనట్టే, వంపు తక్కువ, అడ్డంగా ఉండే బలం ఎక్కువ.

గిరుక్కున తిరిగేది ఎందుకో అనుమానం ఉంది గానీ, అంకెలు కుదుటపడ్డానికి మీరు పాత రీడింగులు కలిపి సగటు తీస్తున్నారా?

ఉండి కుర్రాడు

అవునండి, చివరి పది రీడింగులు కలిపి పదితో భాగిస్తున్నాను. గెంతుతున్నాయని పెట్టాను.

అమలాపురం కోడర్

అదే అదే. ఉత్తరం వైపు పోతుంటే రీడింగు 358, 2, 359, 6 అని 360కి అటూ ఇటూ ఆడుతుంది. 358నీ 6నీ సగటు తీస్తే 182 వస్తుంది. అంటే బోటు ఉత్తరం చూస్తూ నేను దక్షిణానికి తిరిగిపోయాను కాబోలు అనుకుని, సరిచేసుకోడానికి గిర్రున తిరుగుతుంది. దక్షిణం వైపు 180 దగ్గర ఈ బాధ లేదు, అందుకే అక్కడ బాగుంది.

డిగ్రీలకి సగటు తీయకండి. ఎక్స్, వై విలువలకి విడివిడిగా సగటు తీసి, ఆ తర్వాత ఏటాన్2 (ఎక్స్, వైల నుంచి కోణం లెక్కకట్టే ఫంక్షన్) వేయండి, గొడవ పోతుంది. ఇంకో చోట కూడా చూసుకోవాలి, పోవాల్సిన దిక్కులోంచి ఇప్పుడున్న దిక్కు తీసేస్తారు కదా, ఆ తేడా 180 దాటితే 360 తీసేయాలి, -180 కిందకి పోతే 360 కలపాలి. లేదంటే 4కి పోవాల్సినప్పుడు 358లో ఉంటే ఆరు డిగ్రీలు కుడికి తిరగాల్సింది పోయి 354 డిగ్రీలు ఎడమకి చుట్టేస్తుంది. డెక్లినేషన్ తీసేశాక కూడా ఒకసారి 0 నుంచి 360 లోపు ఉందో లేదో చూడండి, 0.5లోంచి 1 తీస్తే -0.5 వస్తుంది, 359.5 చేయాలి.

గట్టు మీద గణపతి

మంచి చర్చ, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మేం భీమవరంలో స్థలం కొన్నాం, వాస్తు చూడ్డానికి ఒకాయన వచ్చి ఫోన్‌లో కంపాస్ పెట్టి స్థలం ఉత్తరానికి పద్దెనిమిది డిగ్రీలు తిరిగి ఉంది, విదిక్కు అన్నారు. రెండో ఆయన పాత ఇంటి గదిలో నిలబడి చూసి అంతా బాగుంది, నాలుగే డిగ్రీలు అన్నారు. మూడో ఆయన మీరు డెక్లినేషన్ కలపాలి అంటున్నారు. ఎవరిది నమ్మాలి?

రాజమండ్రి సోల్డర్

గణపతి గారూ, వాస్తు సంగతి నాకు వదిలేయండి, అది మీరూ మీ సిద్ధాంతిగారూ చూసుకోవాలి. డిగ్రీల సంగతి వరకూ చెబుతాను. డెక్లినేషన్ కలిపితే మారేది ఒక్క డిగ్రీ అని పైన చెప్పాను, కాబట్టి మూడో ఆయన మాటతో పద్దెనిమిది నాలుగు అవదు.

గదిలో తీసిన కొలత లెక్కలోకి తీసుకోకండి. శ్లాబులో ఊచలు, స్తంభాల్లో ఊచలు, ఇనుప బీరువా, గ్రిల్లు, ఒక్కోమూల ఒక్కో అంకె వస్తుంది. బయట చూసినాయన కూడా ఎక్కడ నిలబడ్డారో అడగండి, గేటు పక్కనో బైకు పక్కనో అయితే అదీ పనికిరాదు. ఫోన్ కవరుకి మూత పట్టే అయస్కాంతం ఉంటే తీసేయాలి. స్థలం మధ్యలోకి పోయి, ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకె గీసినట్టు అన్ని వైపులకీ తిప్పాలి. అది మంత్రం కాదు, కుర్రాడు బోటుని తిప్పినట్టే, అన్ని దిక్కుల రీడింగులూ తీసుకుని ఫోన్ తన లోపలి లాగుడు తనే తీసేసుకుంటుంది. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో కంపాస్ దగ్గర ట్రూ నార్త్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే ఆ ఒక్క డిగ్రీ కూడా అదే చూసుకుంటుంది.

అసలు స్థలానికి ఫోనే ఎందుకండీ. గూగుల్ ఎర్త్‌లో మీ సరిహద్దు మీద గీత గీయండి, అది చూపించే దిక్కు అసలు ఉత్తరం నుంచే, అయస్కాంతంతో పని లేదు. సరిహద్దు చిన్నదైతే దానికి సమాంతరంగా ఉన్న రోడ్డు మీద పొడుగ్గా గీయండి, చేతి తప్పు తగ్గుతుంది.

యానాం సరంగు

గణపతి గారు, రాత్రి పూట మబ్బు లేకపోతే ధ్రువ నక్షత్రం చూడండి. మన దగ్గర అది ఆకాశంలో పదహారు పదిహేడు డిగ్రీల ఎత్తునే ఉంటుంది, మన అక్షాంశం ఎంతో అంత. చేయి చాపి పిడికిలి పెడితే పది డిగ్రీలు అనుకోండి, ఒకటిన్నర పిడికిలి పైన. కొబ్బరి చెట్లు అడ్డం వస్తే కనబడదు, మేడ ఎక్కాలి. అసలు ఉత్తరానికి ఒక డిగ్రీ కూడా తేడా ఉండదు.

ఉండి కుర్రాడు

అప్‌డేట్ అండీ. వైర్లు పేనాను, కంపాస్ పైపు మీదకి ఎక్కింది, సగటు ఎక్స్ వైలకి మార్చాను. గిరుక్కున తిరగడం పూర్తిగా పోయింది. కర్రకి కట్టి చూస్తే మోటార్లు ఫుల్ పెట్టినా రెండు డిగ్రీలు దాటట్లేదు. కొత్త కాలిబ్రేషన్‌లో మధ్య విలువలు 60, -35కి పడిపోయాయి, అది మంచిదేనా?

ఒక్కటి మిగిలింది. నిన్న సాయంత్రం ఉత్తరానికి పోతూ పది మీటర్లు కుడికి జరిగింది, తిరిగొస్తూ ఎడమకి జరిగింది. రెండుసార్లూ తూర్పు గట్టు వైపే.

రాజమండ్రి సోల్డర్

మంచిదే, 450 పోయి 70 అయింది, అంటే బోటు ఇనుము ఇప్పుడు కంపాస్‌కి అందట్లేదు. ఏటా ఒకసారి సరిచూసుకుంటే చాలు, మోటారో బ్యాటరీయో మారిస్తే మాత్రం వెంటనే చేయాలి.

రెండు దార్లలోనూ ఒకే గట్టు వైపు జరిగితే అది పడమటి గాలి, కంపాస్ కాదు. ముక్కు 4 డిగ్రీలకే ఉంది, గాలి మొత్తం బోటునే పక్కకి తోస్తోంది, ఆ సంగతి కంపాస్‌కి తెలిసే దారి లేదు. ఇప్పుడు కొబ్బరి గారు చెప్పిన జీపీఎస్ కొనండి. దిక్కు కంపాస్ దగ్గర తీసుకోండి, గీతకి ఎన్ని మీటర్లు పక్కన ఉన్నారో జీపీఎస్ దగ్గర తీసుకోండి, ఐదు మీటర్లు దాటితే ముక్కుని గాలి వైపుకి కాస్త కాస్త తిప్పేలా రాయండి. అది రాసేటప్పుడు వేరే ప్రశ్న పెట్టండి, ఇది ఇప్పటికే పొడుగైపోయింది.

లంక కొబ్బరి

నేను ముందే చెప్పానుగా జీపీఎస్ అని 😀

గట్టు మీద గణపతి

గూగుల్ ఎర్త్‌లో మా రోడ్డు 6 డిగ్రీలు వచ్చింది. మా నాన్నగారు మాత్రం ఫోన్లూ శాటిలైట్లూ నమ్మను, కర్ర పాతి నీడ చూస్తానంటున్నారు. మే నెలలో మన నెత్తి మీద సూర్యుడుంటాడు, నీడే పడదు కదా, అది ఎలా కుదురుతుంది?

యానాం సరంగు

కుదురుతుంది. మే మొదటి వారంలోనూ, మళ్లీ ఆగస్టు మొదటి వారంలోనూ మిట్టమధ్యాహ్నం మన దగ్గర నీడ కర్ర కిందకే పోతుంది, ఆ వేళప్పుడు చూస్తే ఏమీ తేలదు. మీ నాన్నగారు చేసేది అది కాదనుకుంటాను. కర్ర నిటారుగా పాతి, దాని మొదలు కేంద్రంగా తాడుతో నేల మీద గుండ్రం గీస్తారు. పొద్దున నీడ కొస లోపలికి వస్తూ గుండ్రాన్ని ఎక్కడ తాకిందో అక్కడ ఒక మేకు, సాయంత్రం బయటికి పోతూ ఎక్కడ తాకిందో అక్కడ ఇంకో మేకు. రెండు మేకులకీ తాడు కడితే తూర్పు పడమర. గుండ్రం మరీ చిన్నది కాకుండా, పొద్దున తొమ్మిదింటి నీడ అందేటంత గీయమనండి. కర్ర నిటారుగా ఉందో లేదో తాపీమేస్త్రి గుండుతో చూసుకోవాలి, తప్పంతా అక్కడే వస్తుంది.